తిరుపతి: డయాలసిస్ పేషెంటుతో స్కూటీ మీద పోతుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపితే ఏం చూపించాలి, ఏం చెప్పాలి?

రేణిగుంట_రోడ్డు:

అందరికీ నమస్కారం. మా నాయనకు స్విమ్స్‌లో డయాలసిస్ జరుగుతోంది. షుగర్ కూడా ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఆస్పత్రికి పోవడం, రావడం రెండూ స్కూటీ మీదే, నడిపేది నేనే. లీలామహల్ దగ్గరో అలిపిరి రోడ్డులోనో చెకింగ్ పెడితే ఆ ఎండలో ఆయన్ని దింపి నిలబెట్టాల్సి వస్తోంది. తెలిసినవాళ్ళు కొన్ని సంగతులు చెప్పండి.

ఆర్సీ, లైసెన్సు ఫోన్లో ఫోటోలుగా ఉంటే చాలా, ఒరిజినల్స్ ఉండాలా? డయాలసిస్ అయినాక ఆయనకు హెల్మెట్ పెట్టుకోవాలంటే కష్టంగా ఉంది, మెడ దగ్గర లైన్ వేసినారు. పేషెంటని హెల్మెట్‌కు మినహాయింపు ఏమన్నా ఉందా? నేను లేని రోజు తానే నడుపుకుంటూ పోతానంటారు. షుగర్ పడిపోతే మాట తడబడుతుంది, చూసేవాళ్ళకు తాగినట్టే ఉంటుంది. పైగా ఎవరో చెప్పారని అరిష్టం అనే ఆయుర్వేద మందు ఒకటి తాగుతున్నారు. అది బ్రెత్ అనలైజర్‌లో పడుతుందా?

బండి_బాబు:

ఆస్పత్రి ఫైలు చూపిస్తే వదిలేస్తారు అక్కా. పేషెంటు ఉంటే హెల్మెట్ ఎవరూ అడగరు. టెన్షన్ పడొద్దు.

ఆర్సీ_ఫైలు:

పైన తమ్ముడు చెప్పినదాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు అక్కా. వదిలేయడం ఆ అధికారి మంచితనం. కెమెరాకు ఆ మంచితనం ఉండదు. సర్కిల్లో కెమెరా తీసిన ఫోటోకు వెనక కూర్చున్న మనిషి డయాలసిస్ పేషెంటని తెలియదు, చలానా నేరుగా ఇంటికొస్తుంది.

కాగితాల సంగతి ముందు. గ్యాలరీలో ఉన్న ఫోటో, వాట్సాప్‌లో పంపుకున్న స్కాను, జిరాక్సు, ఇవేవీ చెల్లవు. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ప్రభుత్వ రికార్డు నుంచి తెచ్చుకున్న ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అయితే ఒరిజినల్‌తో సమానం. 2018 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూలు మార్చి ఈ వీలు కల్పించారు. ఒక తిరకాసు చూసుకోండి. డిజీలాకర్‌లో రెండు అరలు ఉంటాయి. 'జారీ చేసిన పత్రాలు' అన్న అరలో ఉన్నదే చెల్లుతుంది. మీరే స్కాను చేసి ఎక్కించుకున్నది రెండో అరలో పడుతుంది, దానికి విలువ లేదు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ఆర్సీలో పేరు, ఆధార్‌లో పేరు ఒకలా లేకపోతే పత్రం రాదు. తీరిక ఉన్న రోజు ఇంట్లో కూర్చుని చూసుకోండి, రోడ్డు మీద నెట్ తిరుగుతూ ఉంటే పని కాదు.

చెకింగ్ జరిగేటప్పుడు మీ దగ్గర ఏదీ లేకపోయినా, అడిగిన అధికారికి 15 రోజుల్లోపు అటెస్టు చేసిన నకళ్ళు ఇవ్వడానికో రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికో అదే 139వ రూలులో దారి ఉంది. లైసెన్సు తీసుకుంటే మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం రసీదు రాసివ్వాలి. రసీదు లేకుండా కార్డు వదిలి రావొద్దు. బండి తాళం లాక్కోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు, కానీ పేషెంటును పక్కన పెట్టుకుని ఆ వాదన పెట్టుకోకండి. మీ నాయన మిషను దగ్గరికి టైముకు చేరడం ముఖ్యం. చలానా గురించి తర్వాత కొట్లాడొచ్చు, తప్పిపోయిన డయాలసిస్ షిఫ్టు ఆ రోజు మళ్ళీ దొరకదు.

ఆపగానే చేయాల్సింది ఇది. ఎడమ పక్కకు, వీలైతే నీడకు తీసి ఇంజను ఆపండి. ఆయన్ని దిగనివ్వకండి. మొదటి మాటే 'సార్, డయాలసిస్ పేషెంటు, స్విమ్స్‌కు పోతున్నాం, ఇదిగో కార్డు' అని ఉండాలి. ఏ తప్పుకు ఆపారని అడగడం, పేపర్లన్నీ ఉన్నాయని చెప్పడం ఆ తర్వాత. జబ్బు సంగతి చివర్లో చెబితే సాకులాగా వినపడుతుంది, ముందే చెబితే సమాచారంలాగా వినపడుతుంది.

హెల్మెట్‌కు వస్తే, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. కేంద్ర చట్టంలో జబ్బుకు లేదు. 194డి సెక్షన్ ప్రకారం రూ.1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. డబ్బు కంటే ఆ రద్దే మీకు పెద్ద దెబ్బ, ఎందుకంటే మీ నాయన్ని తీసుకెళ్ళేది మీరే. కాబట్టి 'మినహాయింపు ఉందా' అని కాకుండా 'ఆ స్థితిలో స్కూటీ ఎక్కించాలా' అని ఆలోచించండి.

మిషను_పక్కన:

అమ్మా, డయాలసిస్ యూనిట్ పని తెలిసినవాణ్ణి కాబట్టి ఆ ముక్కకు జవాబిస్తాను.

మెడ దగ్గర లైన్ ఉందంటే జుగులర్ క్యాథెటర్, అంటే మెడలోని రక్తనాళంలోకి వేసిన గొట్టం అయి ఉంటుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్ కింది అంచు, గడ్డం కింద పట్టీ రెండూ ఆ డ్రెస్సింగును రాస్తాయి. కుట్టు లాగినా, ప్లాస్టరు ఊడి దుమ్ము చేరినా ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది, చలి జ్వరంతో మళ్ళీ అడ్మిట్ కావాల్సి వస్తుంది. లైన్ ఉన్నన్నాళ్ళూ ఆటోనే మంచిది. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలను కలిపేది) వేసి అది పనికొచ్చి మెడ లైన్ తీసేశాక, ఐఎస్‌ఐ గుర్తు ఉన్న ఓపెన్ ఫేస్ హెల్మెట్‌తో స్కూటీ మీద పోవచ్చు. తట్టలాగా నెత్తిన బోర్లించుకునేవి హెల్మెట్లే కావు, చలానా కూడా తప్పదు.

డయాలసిస్ అయిన వెంటనే బండెక్కించొద్దు. ఒంట్లోంచి నీళ్ళు తీసేసి ఉంటారు, లేచి నిలబడగానే బీపీ పడుతుంది. పది నిమిషాలు కూర్చోబెట్టి, కూర్చున్నప్పుడొకసారి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని సిస్టర్‌ను అడగండి. కళ్ళు తిరుగుతున్నాయంటే ఆ పూట స్కూటీ వద్దు. వెనక కూర్చున్న మనిషి స్పృహ తప్పితే నడిపేవాళ్ళకు తెలిసే లోపలే పక్కకు ఒరిగిపోతారు.

రేపు ఫిస్టులా వేశాక పోలీసుల దగ్గర పనికొచ్చే మాట ఒకటి. మంచి మనసుతోనే కానిస్టేబుల్ 'దిగు పెద్దాయనా' అని చెయ్యి పట్టుకుంటాడు. ఫిస్టులా ఉన్న చెయ్యి పట్టి లాగనివ్వకూడదు. 'సార్, ఆ చెయ్యి వద్దు, ఈ పక్క పట్టుకోండి' అని ముందే చెప్పండి. ఆ చేతికి సంచి తగిలించొద్దు, ఆ చేత్తో వెనక కమ్మీ పట్టుకోనివ్వొద్దు, బిగుతు చొక్కా వద్దు. సూదులు పొడిచిన చోట దారిలో రక్తం కారితే భయపడకండి. డయాలసిస్‌లో హెపారిన్ ఇస్తారు కాబట్టి గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. మడిచిన గాజ్ (గాయాలకు కట్టే పలచటి గుడ్డ) పెట్టి రెండు వేళ్ళతో సరిగ్గా ఆ చుక్క మీద నొక్కి పట్టండి, పది పదిహేను నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా. తువ్వాలు చుట్టి గట్టిగా కట్టేస్తే ఫిస్టులాయే మూసుకుపోతుంది. ఆగకపోతే తిరిగి యూనిట్‌కే రండి.

ఒక కార్డు రాసి లామినేషన్ చేయించి ఆయన జేబులో పెట్టండి. పేరు, డయాలసిస్ రోజులు, ఏ చేతికి ఫిస్టులా, 'ఇన్సులిన్ వాడుతున్నారు, మాట తడబడితే షుగర్ తగ్గినట్టు, గ్లూకోజ్ ఇవ్వండి', మీ ఫోన్ నంబరు. తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. డిశ్చార్జి సమ్మరీ నాలుగు పేజీలు రోడ్డు మీద ఎవరూ చదవరు.

కొర్లగుంట_ఫార్మసీ:

మందుల వైపు నుంచి నేను చెప్తాను.

ముందు షుగర్. రీడింగ్ 70 కంటే తగ్గితే చెమటలు, చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, ఒక్కోసారి ఎదుటివాళ్ళ మీద కోపగించుకోవడం. పోలీసు ఊహించేది మద్యమే. కిడ్నీలు పనిచేయని మనిషికి ఇది ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఇన్సులిన్‌ను ఒంట్లోంచి పంపించే పనిలో కొంత కిడ్నీలదే. అవి పనిచేయకపోతే వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. డయాలసిస్ రోజు డోసు తగ్గించాలా అని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

తగ్గినప్పుడు 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చిన్న చెంచాల గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీళ్ళలో. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే ఇంకోసారి. ఆ తర్వాత రెండు బిస్కెట్లు. ఇక్కడ చాలామంది చేసేది, రోడ్డు పక్కన కొబ్బరి బోండాం కొట్టించి తాగించడం. డయాలసిస్ పేషెంటుకు అది వద్దే వద్దు. కొబ్బరి నీళ్ళలో, బత్తాయి రసంలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ, గుండె మీద దెబ్బ కొడుతుంది. గ్లూకోజ్ లేకపోతే మామూలు చక్కెర చాలు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

తానే నడుపుతానంటే బయల్దేరే ముందు రీడింగ్ 90 పైన ఉండాలి. తగ్గి సర్దుకున్నా, రీడింగ్ మామూలుకు వచ్చాక ముప్పావు గంట ఆగాలి, మెదడు తేరుకోవడానికి అంత పడుతుంది. డయాలసిస్ తర్వాత మాత్రం ఏ రీడింగ్ ఉన్నా ఆయన నడపకూడదు.

బ్రెత్ అనలైజర్ గురించి. చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. ద్రాక్షాసవం, దశమూలారిష్టం లాంటి ఆసవారిష్టాల్లో పులియడంతో పుట్టిన ఆల్కహాలు నిజంగానే ఉంటుంది, సీసా మీద శాతం రాసి ఉంటుంది చూడండి. మౌత్‌వాష్‌లు, కొన్ని దగ్గు సిరప్‌లు, కొన్ని ఇన్హేలర్లలో కూడా ఉంటుంది. తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన ఆల్కహాలే మిషనులో పడుతుంది. పావుగంటలో అది పోతుంది. కాబట్టి 'సార్, ఇప్పుడే ఆయుర్వేద మందు తాగాను' అని సీసా చూపించి, నీళ్ళతో పుక్కిలించి, 15–20 నిమిషాల తర్వాత మళ్ళీ ఊదుతానని మర్యాదగా అడగండి. ఊదనని మొండికేయడం మాత్రం తప్పు. అలా చేస్తే 203వ సెక్షన్ కింద వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. ఆయాసం ఉన్నవాళ్ళు గట్టిగా ఊదలేకపోతే మిషను చాలినంత గాలి రాలేదని చూపిస్తుంది. అది నిరాకరించడం కాదని అప్పుడే చెప్పి, రక్తపరీక్షకు సిద్ధమనండి. తాగి నడిపారని అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. ఇది 202వ సెక్షన్‌లో ఉంది.

ఇదంతా మిషను సంగతి. డయాలసిస్ మనిషికి అరిష్టం ఎందుకు అన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. నీళ్ళకే లెక్క ఉన్న ఒంటికి తెలియని మూలికల ద్రవం మంచిది కాదు. సీసా తీసుకెళ్ళి నెఫ్రాలజీ డాక్టరుకు చూపించండి.

వేరేవాళ్ళు కూడా చదువుతున్నారు కాబట్టి ఇంకో మాట. మద్యమే కాదు, మత్తిచ్చే ఏ మందైనా బండి మీద పట్టు తప్పిస్తే 185వ సెక్షన్ కిందికే వస్తుంది. జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, కోడీన్ సిరప్‌లు, అల్ప్రజోలం, ట్రమడాల్, నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్, ఇవి వేసుకున్న పూట బండి తీయకండి. అరవింద్ కంటి ఆస్పత్రిలో కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసుకుని నేరుగా బైకెక్కి పోయేవాళ్ళు ఉంటారు. నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎదురెండలో ఇంకా కష్టం. తోడు మనిషిని తీసుకెళ్ళండి.

రేణిగుంట_రోడ్డు:

చాలా థ్యాంక్స్. కొబ్బరి నీళ్ళ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి. రాత్రిపూట ఒక్కసారిగా ఆయాసం వస్తే ఏం చేయాలి? తమ్ముడు ముందు, నాయన మధ్యలో, నేను వెనక పట్టుకుని పోదామని అనుకుంటున్నాం. అప్పుడు సిగ్నల్ దాటినా పోలీసులు ఒప్పుకుంటారు కదా?

ఆర్సీ_ఫైలు:

వద్దు అక్కా, అలా పోకండి. జరిమానా రూ.1,000, లైసెన్సు మూడు నెలల రద్దు సంగతి పక్కన పెట్టండి. డయాలసిస్ మనిషికి రాత్రి ఆయాసం వచ్చిందంటే చాలాసార్లు ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరడమే. ఆయన నిటారుగా కూర్చోవాలి, ఆక్సిజన్ కావాలి. ఇద్దరి మధ్య నలిగితే ఛాతీ కదలదు, తల ముందుకు వాలితే గొంతు మూసుకుంటుంది, కాళ్ళు జారి రోడ్డుకు రాసుకుంటాయి. 108కి ఫోన్ చేసి 'డయాలసిస్ పేషెంటు, ఆయాసం, ఆక్సిజన్ కావాలి' అని ఈ వరసలోనే చెప్పండి. ఇంటి నంబరు కంటే గుడో, పెట్రోలు బంకో, స్కూలో గుర్తు చెబితే డ్రైవరుకు తేలిక. ఒకరు వీధి మొదట్లో నిలబడండి. అంబులెన్సు ఆలస్యమవుతుందంటే కారు గానీ ఆటో గానీ, ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి.

సిగ్నల్ దాటే హక్కు సొంత బండికి లేదు, లోపల ఎవరున్నా సరే. దారి ఇవ్వనివాళ్ళకు రూ.10,000 జరిమానా వేసే 194ఈ సెక్షన్ అంబులెన్సు, ఫైరింజను, ప్రభుత్వం ప్రకటించిన అత్యవసర వాహనాల కోసం పెట్టింది. లైట్లు వెలిగించి హారన్ కొట్టినంత మాత్రాన మన కారు అంబులెన్సు కాదు. అడ్డంగా వచ్చే లారీవాడికి మీ లోపల పేషెంటున్నట్టు తెలియదు. సర్కిల్లో కానిస్టేబుల్ కనిపిస్తే అద్దం దించి చెప్పండి, ఆయన చెయ్యెత్తి ఆపితే ఆ దారి మీదవుతుంది. 112కి ఫోన్ చేసి బండి నంబరు, వెళ్ళే దారి చెప్పడం కూడా మంచిదే. తిరుచానూరు రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఫ్లైఓవర్ ఎక్కితే కింద బస్టాండు, లీలామహల్ సిగ్నళ్ళ బాధ ఉండదు.

నిజంగా ప్రాణం మీదికొచ్చి ఏదైనా చలానా పడితే కట్టేయకండి. కడితే 200వ సెక్షన్ కింద రాజీ అయినట్టు, కేసు అక్కడితో ముగిసింది. కట్టకుండా ఆస్పత్రి క్యాజువాలిటీ చీటీ, దాని మీద టైము, అడ్మిషన్ కాగితం నకలు పెట్టి ట్రాఫిక్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి. అక్కడ కాకపోతే కోర్టు. ఎక్కువ హానిని తప్పించడానికి మంచి ఉద్దేశంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెబుతుంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మేజిస్ట్రేటు చేతిలో ఉంది. కాగితం మీద టైము లేకపోతే ఆ వాదన నిలబడదు. కెమెరా చలానా అయితే నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని నిబంధన, ఆ తేదీ కూడా చూసుకోండి.

చలానా ఉందని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవకండి. బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం అది. చలానా ఉందో లేదో ప్రభుత్వ పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి చూసుకోవాలి.

గుడిపాల_దారి:

మా చిత్తూరోళ్ళకు ఇంకో తలనొప్పి ఉంది, ఇక్కడే రాస్తా. మాకు ఆస్పత్రి అంటే వేలూరు సీఎంసీనే కదన్నా. క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దాటితే తమిళనాడు పోలీసులు. ఏపీ బండి అని ఆపడం తప్పేం కాదు, డిజీలాకర్ పత్రాలు దేశమంతా చెల్లుతాయి, ఆడా చూపించొచ్చు. మనకు తమిళం వచ్చు కాబట్టి 'పేషెంట్ ఉళ్ళ ఇరుక్కారు సార్, సీఎంసీ పోరోం' (లోపల పేషెంటున్నారు సార్, సీఎంసీకి పోతున్నాం) అని మెల్లిగా చెప్పి అపాయింట్‌మెంట్ కాగితం చూపిస్తే సరి. బాడుగ కారైతే అది పసుపు బోర్డు బండేనా, తమిళనాడుకు పర్మిట్ ఉందా అని ముందు రోజే డ్రైవర్ని అడగండి. తెల్లబోర్డు బండి బాడుగకు తెస్తే బండినే పట్టుకుంటారు, పేషెంటు రోడ్డు మీద మిగులుతాడు. యాక్సిడెంట్ కేసైతే వేలూరు ఊళ్ళోకి కాదు, సీఎంసీ ట్రామా సెంటరు ఇప్పుడు రాణిపేట క్యాంపస్‌లో ఉంది. దారి తప్పితే విలువైన టైము పోతుంది.

దారిలో ఎవరైనా పడిపోయి ఉంటే ఆస్పత్రిలో చేర్చడానికి పోలీసు కేసని భయపడొద్దు. 134ఏ సెక్షన్ ప్రకారం సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

బండి_బాబు:

ఇంత ఉందని తెలీదు. ఒక్క డౌటు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు డయాలసిస్ పడితే ఎట్లా? అలిపిరి వైపు అంతా బారికేడ్లే కదా.

మిషను_పక్కన:

గరుడ సేవ ఐదో రోజు రాత్రి. జనం మాత్రం పొద్దుటి నుంచే దిగుతారు. ఆ వారం షెడ్యూలు చూసి మొదటి షిఫ్టుకో ముందు రోజుకో మార్చమని యూనిట్‌లో వారం ముందే అడగాలి. అప్పటికప్పుడు అడిగితే మిషను ఖాళీ ఉండదు. మానేయడం మాత్రం పనికిరాదు, ఒక్క షిఫ్టు తప్పినా నీళ్ళు, పొటాషియం రెండూ పేరుకుంటాయి. బారికేడ్ దగ్గర చూపించడానికి ఆ తేదీ, టైము రాసి యూనిట్ ముద్ర వేసిన చీటీ ముందు షిఫ్టులోనే అడిగి తీసుకోండి. పాత డిశ్చార్జి సమ్మరీ చూపిస్తే ఈరోజే పోవాలని దాంట్లో ఉండదు, అందుకని ఆపేస్తారు. వచ్చేటప్పుడు బండి లోపలికి రానివ్వకపోయే అవకాశం ఉంది కాబట్టి యూనిట్‌లో వీల్‌చైర్ సంగతి కూడా మాట్లాడి పెట్టుకోండి.